అమ్మకి పన్ను పీకించాలి, గుండెలో మెకానికల్ వాల్వు ఉంది – యాంటీబయాటిక్ ఎంత, ఎప్పుడు?

తెనాలి_అబ్బాయి · సోమవారం, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ టెన్షన్ తట్టుకోలేక రాస్తున్నాను.

మా అమ్మకి 56 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చిందట. దాంతో మైట్రల్ వాల్వు పాడైపోయి, మూడేళ్ల కిందట ఆరోగ్యశ్రీ మీద మెకానికల్ వాల్వు వేశారు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే, పక్క మంచం మీద నాకు కూడా ఆ టిక్కు టిక్కు వినపడుతుంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎసిట్రోమ్ వేసుకుంటుంది, నెలకోసారి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) చూపిస్తాం.

వారం నుంచి కింది దవడ పన్ను నొప్పిగా ఉందట. నాతో చెప్పకుండా లవంగం పెట్టుకుని నెట్టుకొచ్చింది. నిన్న చెంప ఉబ్బితే గానీ బయటపడలేదు. ఇవాళ మా వీధి చివర డెంటిస్టుకు చూపిస్తే పీకేయాలన్నారు. గుండె ఆపరేషన్ సంగతి ఆయన అడగలేదు, మేమే చెప్పాం. "అయితే ఎసిట్రోమ్ ఐదు రోజులు ఆపేసి, ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడి రండి" అన్నారు. మందుల షాపు అతను "ఒక్క 500 వేసుకుంటే చాలండీ" అంటున్నాడు. ఆపరేషన్ చేసిన చోట ఫోన్ ఎత్తడం లేదు. డిశ్చార్జి కాగితంలో చివరి లైనులో, పంటి పనులకు ముందు యాంటీబయాటిక్ తీసుకోవాలని ఇంగ్లిషులో ఉంది. ఏది, ఎంత, ఎప్పుడు అన్నది మాత్రం లేదు.

ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి?


టిక్‌టిక్_సుబ్బారావు · సోమవారం, రాత్రి 10:20

బాబూ, మీ గుండె డాక్టరు చెప్పనిదే ఎసిట్రోమ్ ఒక్క పూట కూడా ఆపించకు. మైట్రల్ చోట ఉన్న మెకానికల్ వాల్వుకి గడ్డకట్టే భయం మరీ ఎక్కువ. పంటి దగ్గర కారే రక్తాన్ని గాజు గుడ్డ అదిమిపెట్టి ఆపొచ్చు. వాల్వు మీద గడ్డ కడితే ఎవరి తరం?

నాకు 2009లో చిత్రా వాల్వు వేశారు. తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ వాళ్లు తయారుచేసిన మన దేశపు వాల్వు అది, 1990లో మొదటి మనిషికి అమర్చారు. వేయించుకున్నాక ఇప్పటికి నాలుగు పళ్లు పీకించాను, ఒక రూట్ కెనాల్ అయింది. ఎప్పుడూ ఎసిట్రోమ్ ఆపలేదు. ముందు రోజు ఐఎన్ఆర్ చూపించుకుని ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్తాను.

యాంటీబయాటిక్ అంటావా, గంట ముందు నాలుగు బిళ్లలు ఒకేసారి మింగుతాను. మొదటిసారి షాపులో "నాలుగూ ఒకేసారా!" అని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. మిగతాది పళ్ళ డాక్టరమ్మ గారు చెప్పాలి. అమ్మా, ఇటొకసారి చూడండి.


పళ్ళ_డాక్టరమ్మ · మంగళవారం, ఉదయం 6:35

క్లినిక్‌కి వెళ్లేలోపు రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

ముందు మీరు నాకు చెప్పాలి. అమ్మగారికి జ్వరం ఉందా? నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం కాదు, థర్మామీటరు పెట్టి చూశారా? జ్వరం ఉంటే మాత్రం నేను కింద రాసిందంతా పక్కన పెట్టి ఈ రోజే గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ మొదటి బిళ్ల వేసే ముందే బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్షకి) రక్తం తీయించాలి.

జ్వరం లేదనుకుని మిగతాది చెప్తాను. పన్ను పీకినప్పుడు చిగుళ్ల చుట్టూ ఉండే స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. మామూలు మనిషి ఒంట్లో అది కాసేపట్లో చచ్చిపోతుంది. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లలో దానికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. వాల్వు లోహమో, దాన్ని గుండెకు కుట్టడానికి వాడిన గుడ్డ రింగో పట్టుకుని, చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. అక్కడ రక్తనాళాలు లేవు కాబట్టి మన రక్షణ కణాలూ సరిగా చేరవు, మందూ సరిగా చేరదు. ఎండోకార్డైటిస్ అంటే అదే. అందుకే బ్యాక్టీరియా రక్తంలోకి దిగే సమయానికే మందు అక్కడ నిండుగా ఉండాలి. దొంగ గుమ్మం దాటాక కావలివాణ్ణి పిలిచి లాభం లేదు.

పెద్దవాళ్లకి అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మి.గ్రా. క్యాప్సూల్స్ నాలుగు. పీకడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒకేసారి, ఒక్కసారే. మర్చిపోతే పని అయిన రెండు గంటల్లోపు వేసుకోవచ్చు. పిల్లలకి కిలో బరువుకు 50 మి.గ్రా. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007 నుంచీ చెప్తున్నది ఇదే, 2021లోనూ ఇదే చెప్పింది. ఐరోపా వాళ్లు 2023లో ఇచ్చిన సూచనలూ ఇంతే. ఐదు రోజుల కోర్సు దీనికోసం అక్కర్లేదు. ఒక్క 500 అయితే చాలదు.

అయితే మీ అమ్మగారికి చెంప ఉబ్బింది. అక్కడ చీము చేరి ఉంటే దానికోసం విడిగా కోర్సు రాయాల్సి రావచ్చు. మీ డెంటిస్టు ఐదు రోజులన్నది బహుశా ఆ ఉద్దేశంతోనే. కాబట్టి ఆయన్ని తప్పుపట్టకుండా, "ఇది వాపు కోసమా, వాల్వు కోసమా?" అని అడగండి. రెండూ అవసరమైతే రెండూ చేస్తారు.

షాపులో 500 బదులు "625" ఇస్తే తీసుకోకండి. అందులో అమాక్సిసిలిన్ 500 ఉంటుంది, పైన 125 మరో మందు కలుపుతారు. అవి నాలుగు ఒకేసారి మింగితే కడుపు గడబిడ అవుతుంది.


తెనాలి_అబ్బాయి · మంగళవారం, ఉదయం 8:02

థర్మామీటరు పెట్టాను డాక్టరమ్మా, 98.2 ఉంది. చిన్నప్పుడు కీళ్లవాతానికి పెనిసిలిన్ సూదులు చాలాకాలం చేయించుకుందట. ఒక్కసారి కూడా దద్దుర్లు రాలేదంటోంది. ఆ సూదులు మానేసి ముప్పై ఏళ్ల పైన అయింది.


పళ్ళ_డాక్టరమ్మ · మంగళవారం, ఉదయం 8:10

మంచి మాట చెప్పారు. పెనిసిలిన్ పడనివాళ్లకి సెఫాలెక్సిన్ 2 గ్రాములు, లేదా అజిత్రోమైసిన్ 500, లేదా డాక్సీసైక్లిన్ 100 ఇస్తాం. పెనిసిలిన్‌కి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు వచ్చినవాళ్లకి సెఫాలెక్సిన్ కూడా వద్దు. పాత చీటీల్లో క్లిండామైసిన్ కనిపిస్తుంది. 2021 నుంచి అమెరికా వాళ్లు దాన్ని తీసేశారు, విరేచనాలు ప్రాణం మీదికి తెస్తున్నాయని.


సందేహాల_శంకర్ · మంగళవారం, ఉదయం 11:30

అడ్డుపుల్ల వేస్తున్నాననుకోకండి. యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడి మన దేశంలో మందులే పనిచేయకుండా పోతున్నాయని రోజూ పేపర్లో చదువుతున్నాం. మా బాబాయికి స్టెంటు వేశారు, ఆయన పళ్లు క్లీన్ చేయించుకోవడానికి వెళ్లినా యాంటీబయాటిక్ వేస్తున్నాడు. అసలు ఇది పనిచేస్తుందని రుజువుందా?


పళ్ళ_డాక్టరమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

మీ బాబాయిగారికి అక్కర్లేదు. స్టెంటుకీ, బైపాస్‌కీ, పేస్‌మేకర్‌కీ ఈ రూలు వర్తించదు. వర్తించేది కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకి (లోహందైనా, జంతు కణజాలందైనా, తొడ నుంచి తీగతో వేసే టావీ అయినా), వాల్వు రిపేరులో రింగు వేయించుకున్నవాళ్లకి, ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చి తగ్గినవాళ్లకి, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె జబ్బులున్నవాళ్లకి. 2007కి ముందు జాబితా ఇంకా పెద్దది. వాల్వు కొంచెం వదులుగా ఉందన్నా ఇచ్చేవాళ్లం. తర్వాత బాగా కుదించారు.

పన్నుకు ఎక్స్‌రే తీసినా, కట్టుడు పళ్లు పెట్టుకున్నా, పిల్లల పాలపన్ను దానంతట అది ఊడినా అక్కర్లేదు. చిగుళ్లు కదిలించే పని, పన్ను వేరు దాకా వెళ్లే పని అయితేనే. క్లీనింగ్ అంటే చిగుళ్లు కదులుతాయి కాబట్టి వాల్వు ఉన్నవాళ్లకి అది లెక్కలోకి వస్తుంది.

రుజువు సంగతి అడిగారు. దీన్ని తేల్చిన పెద్ద రాండమైజ్డ్ ట్రయల్ లేదు. ఈ జబ్బు వచ్చేదే చాలా తక్కువ మందికి, అందుకే అలాంటి ట్రయల్ చేయడం కష్టం. కానీ వాల్వు ఉన్న మనిషికి వచ్చిందంటే, మందులతో తగ్గక మళ్లీ ఛాతీ తెరవాల్సి రావచ్చు, ప్రాణమే పోవచ్చు. నాలుగు క్యాప్సూల్స్ ఒక పక్క, అది ఒక పక్క. నా పేషెంటుకి నేను నాలుగు క్యాప్సూల్స్ వైపే ఉంటాను.


లండన్_లక్ష్మి · మంగళవారం, సాయంత్రం 4:40

ఇక్కడ మాకు ఇదే పెద్ద తలనొప్పి. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2008లో పంటి పనులకు ఎవరికీ యాంటీబయాటిక్ వద్దని చెప్పింది, కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకి కూడా. 2016లో "రొటీన్‌గా" అన్న ఒక్క మాట చేర్చింది. అంటే రొటీన్‌గా వద్దు, మనిషిని బట్టి ఆలోచించండి అని. ఆ ఒక్క మాట కోసం మా ఆయన డెంటిస్టుతో రెండు అపాయింట్‌మెంట్లు వాదించాడు. చివరికి కార్డియాలజిస్టు దగ్గర ఉత్తరం తెచ్చుకుంటే గానీ రాయలేదు. బయటి దేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఉత్తరం ముందే తెచ్చిపెట్టుకోండి.


టిక్‌టిక్_సుబ్బారావు · మంగళవారం, సాయంత్రం 6:05

శంకర్ గారూ, మీ ప్రశ్నలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. ఈ నాలుగు మాత్రలు వేసుకుని, మిగతా 364 రోజులూ చిగుళ్ల నుంచి నెత్తురు కారుతుంటే ఏం లాభం? మా గుండె డాక్టరు చెప్పింది నాకు బాగా గుర్తుంది. చిగుళ్లు బాగోకపోతే పళ్లు తోముకున్నప్పుడూ, అన్నం నమిలినప్పుడూ కూడా కొంచెం కొంచెం బ్యాక్టీరియా రక్తంలోకి పోతూనే ఉంటుందట. ఏడాదికోసారి పీకించుకునే పన్ను కంటే రోజూ జరిగే ఈ తంతే ఎక్కువట. అప్పటిదాకా నేను వేపపుల్లతో చిగుళ్లు చీరుకునే రకం. ఇప్పుడు మెత్తటి బ్రష్‌తో పొద్దునా రాత్రీ రెండు నిమిషాలు. ఆరు నెలలకోసారి డెంటిస్టుకు చూపించుకుంటాను. ఎసిట్రోమ్ వల్ల నెత్తురు కనపడుతోందని చాలామంది తోమడం తగ్గిస్తారు. తోమడం తగ్గిస్తే చిగుళ్లు ఇంకా వాచి ఇంకా కారుతుంది.


ఖమ్మం_మామ · మంగళవారం, రాత్రి 9:15

ఈ థ్రెడ్ చూసి పడుకోబోయేవాణ్ణి లేచి కూర్చున్నా. జ్వరం ఉందా అని డాక్టరమ్మ మొదట అడిగారు చూడండి, నన్ను ఆ మాట ఎవరైనా అడిగి ఉంటే నాకు రెండో ఆపరేషన్ తప్పేదేమో.

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. అయోర్టిక్ వాల్వు వేయించుకున్న రెండో ఏడు. సాయంత్రం అయ్యేసరికి చలి, ఒళ్లు నొప్పులు, రాత్రి చెమటలకు బనియన్ పిండితే నీళ్లు. మా ఊరి ఆర్‌ఎంపీ మంచోడే, ఏళ్లుగా తెలిసినవాడు. సూది వేసి, ఐదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చాడు. నాలుగో రోజుకు జ్వరం పోయింది. పొలం పోయి వచ్చా. వారానికి మళ్లీ జ్వరం. ఈసారి టౌన్‌లో చూపిస్తే రక్త పరీక్షలో టైఫాయిడ్ అన్నారు, పది రోజులు సెలైన్‌లో మందు. తగ్గింది. రెండు వారాలకు మళ్లీ వచ్చింది. ఇట్లా మూడు సార్లు. ఏడు కిలోలు తగ్గిన. నా గుండెలో వాల్వు ఉందని ప్రతి చోటా చెప్పా, ఛాతీ మీద గీత కనపడుతూనే ఉంది. జ్వరానికీ గుండెకూ ముడిపెట్టినవాళ్లు లేరు, నేనూ పెట్టలేదు.

మా కోడలు ఒకరోజు నా గోళ్లు కత్తిరిస్తూ "మామయ్యా, గోళ్ల కింద ఈ ఎర్రటి గీతలేంది, పుల్ల గుచ్చుకుందా?" అంది. నాలుగు వేళ్లకున్నయ్. ఆ పిల్ల ఫోటో తీసి ఆపరేషన్ చేసిన డాక్టరుకు పంపింది. ఆయన గంటలో ఫోన్ చేసి, ఉన్నవాళ్లను ఉన్నట్టు బయలుదేరమన్నాడు.

మామూలు ఎకోలో (గుండె స్కానింగ్‌లో) సరిగా కనపడలేదు. కృత్రిమ వాల్వు నీడ అడ్డం పడుతుందట. గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోలో దొరికింది: వాల్వు అంచున ఊగుతున్న బుడిపె, వాల్వు పక్కన చీము గూడు. రక్తం కల్చర్‌కి పంపితే ఏమీ మొలవలేదు. మొలవకపోతే మంచిదే కదా అన్నా. "మంచిది కాదయ్యా, మూడు విడతల యాంటీబయాటిక్‌తో పురుగును సగం చంపి దాచిపెట్టినవు. ఏ పురుగో తెలియకుండా ఏ మందు వేయాలి?" అన్నాడు ఆయన. ఆరు వారాలు నరంలోకి మందులు. ఒక మందుకు కిడ్నీ లెక్క పెరిగితే మార్చారు. మధ్యలో మళ్లీ ఛాతీ తెరిచి వాల్వు మార్చారు.

ఎక్కడి నుంచి వచ్చిందో గట్టిగా చెప్పలేమన్నారు. కానీ నా వెనక దవడలో రెండేళ్లుగా పుచ్చిన పన్ను ఒకటి ఉంది. నొప్పి లేదు కదా అని వదిలేసిన.


తెనాలి_అబ్బాయి · మంగళవారం, రాత్రి 9:50

మామగారూ, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మాకూ జ్వరం వస్తే ముందు వీధి చివర ఆర్‌ఎంపీ గారే. డోలో కూడా వేయకూడదా మరి?


ల్యాబ్_లావణ్య · మంగళవారం, రాత్రి 10:30

డోలో అంటే పారాసిటమాల్, దానివల్ల కల్చర్ చెడదు. (ఎక్కువ డోసులో రోజుల తరబడి వేస్తే ఐఎన్ఆర్ పెరగొచ్చు, అది గుర్తుంచుకోండి.) చెడగొట్టేది యాంటీబయాటిక్. ఒక్క డోసు పడ్డా మా సీసాలో ఏమీ పెరగకపోవచ్చు.

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. కల్చర్ ఎలా తీయాలో మీరు చూసి తెలుసుకోండి, తొందరలో ఉంటే మావాళ్లే పొరపాటు చేస్తారు. వాల్వు మనిషికి ఒక్కచోట తీసి సరిపెట్టకూడదు. మూడు సార్లు, మూడు వేర్వేరు చోట్ల పొడిచి తీయాలి. మందు దూదితో తుడిచాక చర్మం ఆరేదాకా ఆగాలి, తడి మీద పొడవకూడదు, తుడిచిన చోట మళ్లీ వేలితో తడమకూడదు. లేదంటే చర్మం మీది స్టెఫైలోకాకస్ సీసాలోకి దిగుతుంది. మామూలు మనిషైతే అది చర్మం మీదిదే అని తీసిపారేస్తాం. వాల్వు ఉన్న మనిషిలో అదే పురుగు నిజమైన జబ్బు కూడా కావచ్చు. అందుకే మూడింటిలో ఒక్కదాంట్లోనే పెరిగిందా, అన్నింట్లో పెరిగిందా అని చూస్తాం. పెద్దవాళ్లకి సీసాకి 8 నుంచి 10 మి.లీ. పడాలి. చాలాచోట్ల "ముసలావిడ, పాపం" అని రెండు మి.లీ.తో సరిపెడతారు. ఆ జాలి పనికిరాదు.

చలి వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఈ జబ్బులో బ్యాక్టీరియా రక్తంలోకి ఆగకుండా వస్తూనే ఉంటుంది. సీసాలు మెషీన్లో ఐదు రోజులుంచుతాం. నిజంగా ఉంటే చాలావరకు రెండు మూడు రోజుల్లోనే మెషీన్ కూత పెడుతుంది. 100.4 దాటిన జ్వరం, కారణం కనపడటం లేదు, లోపల వాల్వు ఉంది: ఇంతే చాలు మా దగ్గరికి రావడానికి.


టిక్‌టిక్_సుబ్బారావు · బుధవారం, ఉదయం 6:10

పంటికి ముందు మందు, జ్వరానికి మందుకు ముందు రక్తం. మా మనవడికి నేర్పించాను, వాడు ఎక్కం అప్పచెప్పినట్టు చెప్తున్నాడు.


నీరజ_సూర్యాపేట · బుధవారం, ఉదయం 10:45

మా పాపకి 13 ఏళ్లు. కీళ్లవాతం వల్ల వాల్వు పోయి పోయినేడాది కొత్తది వేశారు. ఎసిట్రోమ్ మీద ఉంది కదా, కండలో సూది వద్దని పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ సూది బదులు రోజుకు రెండు పూటలా పెనిసిలిన్ మాత్రలు రాశారు. రోజూ పెనిసిలిన్ పడుతూనే ఉంది కదా, పంటికి ముందు మళ్లీ ఎందుకు అనుకుంటున్నాం. నిజమేనా?


పళ్ళ_డాక్టరమ్మ · బుధవారం, మధ్యాహ్నం 1:20

కాదమ్మా, ఇది చాలామంది పొరబడేచోటు. రోజూ వేసే ఆ మాత్రలు కీళ్లవాతం జ్వరం మళ్లీ రాకుండా. ఆ కొద్ది డోసు పంటి బ్యాక్టీరియాకి అడ్డు కాదు. పైగా రోజూ పెనిసిలిన్ చూసి చూసి నోట్లోని స్ట్రెప్టోకాకస్ దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. అందుకే పాపకి అమాక్సిసిలిన్ 2 గ్రాములు కూడా సరైన ఎంపిక కాదు. వేరే జాతి మందు, అజిత్రోమైసిన్ లాంటిది, ఇవ్వాలి. మీ గుండె డాక్టరుతో మాట్లాడి ఏ మందు, ఎన్ని మి.గ్రా. అన్నది కాగితం మీద రాయించుకోండి. రోజువారీ మాత్రలు మాత్రం మానకూడదు.

అందరికీ ఇంకో మాట. ఈమధ్యే ఏ కారణానికైనా అమాక్సిసిలిన్ కోర్సు వాడి ఉంటే, తొందరలేని పంటి పని కనీసం పది రోజులు ఆపి చేయించుకోండి. రూట్ కెనాల్ సిట్టింగుల మధ్య కూడా అంతే, లేదా ఒకే సిట్టింగులో ఎక్కువ పని చేయించేసుకోండి.


గొర్రెల_డాక్టరు · బుధవారం, రాత్రి 8:30

నేను పశువైద్యుణ్ణి, అనంతపురం వైపు. మనుషుల డాక్టర్ల మధ్య తల దూరుస్తున్నాను. అందరూ పళ్ల దగ్గరే ఆగారు కాబట్టి ఒకటి చెప్పాలి.

క్యూ ఫీవర్ అని ఉంది. దాని బ్యాక్టీరియా కాక్సియెల్లా. గొర్రె, మేక, ఆవు ఈనినప్పుడు మాయలో, ఉమ్మనీటిలో ఉంటుంది. అది ఎండి దుమ్ములో కలిస్తే పీల్చినా చాలు. వాల్వు ఉన్నవాళ్లలో ఇది నెలల తరబడి చప్పుడు లేకుండా నడిచే ఎండోకార్డైటిస్ తెస్తుంది. లావణ్య గారి సీసాలో ఇది పెరగదు, రక్తంలో యాంటీబాడీలు చూసి పట్టుకోవాలి. పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా కూడా వాల్వుకి పట్టొచ్చు. పచ్చిపాల ద్వారా వస్తుంది.

కాబట్టి మందలున్న ఇళ్లలో వాల్వు మనిషిని ఈత పనికి పంపకండి. మాయను వట్టి చేతులతో ఎవరూ ఎత్తకండి. పాలు పొంగేదాకా కాచి తాగండి. జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి పోతే "మాకు గొర్రెలున్నాయి" అని మీరే చెప్పండి. వాళ్లు అడగరు.


సందేహాల_శంకర్ · బుధవారం, రాత్రి 9:00

గొర్రెల డాక్టరు గారికి నమస్కారం. ఇది ఎక్కడా చదవలేదు.


విజయ_నెల్లూరు · గురువారం, ఉదయం 7:25

మా ఆయనకి వాల్వు వేశారు. తిరుమలలో గుండు మొక్కుంది. అక్కడ బ్లేడు గీసుకుంటే? అలాగే ఆయనకి నీరసంగా ఉందంటే మా ఊళ్లో గ్లూకోజు ఎక్కిస్తుంటారు, అది పర్వాలేదా?


టిక్‌టిక్_సుబ్బారావు · గురువారం, ఉదయం 9:40

నేను రెండుసార్లు గుండు చేయించుకున్నానమ్మా. కొత్త బ్లేడు నా కళ్లముందే విప్పించాను, ఐఎన్ఆర్ ముందే చూసుకున్నాను, తర్వాత తల సబ్బుతో కడిగి గీసుకున్నచోట మందు రాశాను. దానికోసం యాంటీబయాటిక్ మింగలేదు. స్వామికి వెంట్రుకలు ఇస్తే చాలు, అంటువ్యాధి ఇవ్వనక్కర్లేదు.

గ్లూకోజు మాత్రం వద్దు. ఈ విషయంలో నాకు కోపం వస్తుంది. ఆ సీసాలో ఉండేది నీళ్లూ కాస్త చక్కెరా. దానికోసం నరంలో సూది గుచ్చి గంటల తరబడి ఉంచుతారు. చర్మం మీది స్టెఫైలోకాకస్‌కి అది సింహద్వారం. ఆస్పత్రిలో నిజంగా అవసరమై పెట్టినా, "ఈ సూది ఇంకా అవసరమా?" అని రోజూ అడగండి. చెయ్యి ఎర్రబడితే వెంటనే తీయించండి. నీరసం ఎందుకొచ్చిందో చూపించండి. అదే జ్వరానికి మొదటి మెట్టు కావచ్చు.

గోరుచుట్టు, సెగ్గడ్డ, కాళ్ల పగుళ్లు కూడా అంతే. పిండకండి, పిన్నుతో గుచ్చకండి, డాక్టరుకు చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు రోజూ పాదాలు చూసుకోండి. పచ్చబొట్లూ, కొత్తగా ముక్కూ చెవులూ కుట్టించుకోవడమూ మానేస్తే మంచిది.


నిర్వాహకుడు · గురువారం, మధ్యాహ్నం 12:00

"రక్తశుద్ధి కషాయం" అమ్ముకుంటూ ఒకరు పెట్టిన మూడు పోస్టులు తీసేశాను. డోసులు మీ డాక్టరుతో సరిచూసుకుని వాడండి. చర్చ కొనసాగించండి.


తెనాలి_అబ్బాయి · శనివారం, రాత్రి 8:20

పని అయింది. ఎలా జరిగిందో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

బుధవారం గుండె డాక్టరు ఫోన్‌లో దొరికారు. ఎసిట్రోమ్ ఆపొద్దన్నారు, అమాక్సిసిలిన్ 2 గ్రాములకు సరే అన్నారు. శుక్రవారం ఐఎన్ఆర్ 2.7 వచ్చింది. డెంటిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లి, డాక్టరమ్మ చెప్పినట్టే "వాపు కోసమా, వాల్వు కోసమా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, వాపు కోసమేనన్నారు. ఎసిట్రోమ్ సంగతి గుండె డాక్టరుతో నేరుగా మాట్లాడించాను. రెండు నిమిషాలు మాట్లాడుకుని, ఆపకుండానే తీద్దామన్నారు. పెద్దమనిషి, మొహమాటపడలేదు.

ఇవాళ పదింటికి అపాయింట్‌మెంట్. తొమ్మిదీ పదికి అమ్మ ఇడ్లీ తిని, స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టుకుని ఒక్కో క్యాప్సూల్ మింగింది. నాలుగోది చేతిలో పట్టుకుని "ఇంత మందు పంటికా, ఏనుగుకా?" అంది. పీకాక రెండు కుట్లు వేశారు. రక్తం ఆపే మందులో తడిపిన గాజు గుడ్డ పెట్టి అరగంట కొరికి పట్టుకోమన్నారు. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ రాయొద్దని నేనే గుర్తుచేశాను. సాయంత్రానికి గుడ్డ మీద గులాబీ రంగు తప్ప ఏమీ లేదు. వాపు కోసం రాసిన ఐదు రోజుల కోర్సు వాడుతున్నాం, మధ్యలో ఐఎన్ఆర్ ఇంకోసారి చూడమన్నారు.


పళ్ళ_డాక్టరమ్మ · శనివారం, రాత్రి 9:05

చక్కగా జరిగింది. వచ్చే మూడు నెలలూ థర్మామీటరు అందుబాటులో ఉంచండి.


తెనాలి_అబ్బాయి · మూడు వారాల తర్వాత, బుధవారం, రాత్రి 11:10

మళ్లీ నేనే. మొన్న శుక్రవారం సాయంత్రం అమ్మకి 101.6. నాన్నగారు చొక్కా వేసుకుని ఆర్‌ఎంపీ గారిని పిలవడానికి గడప దాటారు. "ఒక సూది వేస్తే పొద్దున్నకి లేచి కూర్చుంటుంది, మూడేళ్లుగా అంతేగా" అంటారు. ఫోన్‌లో ఖమ్మం మామగారి పోస్టు తీసి చదివి వినిపించాను. గోళ్ల కింద గీతలన్న చోటికి వచ్చేసరికి నాన్న చొక్కా విప్పి, అమ్మ చెయ్యి పట్టుకుని లైటు కింద ఒక్కో వేలూ చూశారు. ఏమీ లేవు. అయినా రాత్రికే గుంటూరు వెళ్లాం.

మూడు చోట్ల తీశారు. రెండోచోట ఆ అబ్బాయి తడి మీదే పొడవబోతుంటే ఆరనివ్వమని చెప్పాను. వింతగా చూశాడు కానీ ఆగాడు. రక్తం తీశాకే మందు మొదలుపెట్టడమా వద్దా అన్నది డాక్టరు ఆలోచించారు. అమ్మ నిలకడగా ఉందని ఆగారు. మామూలు ఎకో, మర్నాడు గొంతు ఎకో కూడా చేశారు, వాల్వు శుభ్రంగా ఉంది. సోమవారానికి జ్వరం దానంతట అదే దిగింది. ఐదో రోజు ఇవాళ రిపోర్టు వచ్చింది: ఏమీ పెరగలేదు. ఈసారి యాంటీబయాటిక్ ఒక్కటీ పడలేదు కాబట్టి ఆ మాట నమ్మొచ్చన్నారు. వైరల్ జ్వరమేనట.


ఖమ్మం_మామ · బుధవారం, రాత్రి 11:25

ఇప్పుడు నేను పడుకుంటా. అమ్మగారు ఏమంటున్నరు?


తెనాలి_అబ్బాయి · బుధవారం, రాత్రి 11:31

పన్ను పీకినప్పుడు చుక్క కారనీయకుండా ఆపి, జ్వరానికి మాత్రం సీసాలకు సీసాలు తీయించానని పక్కింటివాళ్లకి చెప్పి నవ్విస్తోంది. పక్క పన్ను కూడా కదులుతోందని ఇవాళ మెల్లగా బయటపెట్టింది. ఆ కోర్సు అయి పది రోజులు దాటింది కదా డాక్టరమ్మా, వచ్చే వారం చూపించమంటారా?